వెనక దిగిపోయిన స్కార్పియోకి ఏ స్ప్రింగులు వేయించాలి?

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్కారం. మాది గుంటూరు, గోరంట్ల. నా దగ్గర 2012 మోడల్ స్కార్పియో ఉంది, ఏడు సీట్లది. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఏడాదిగా వెనక భాగం దిగిపోయినట్టు కనిపిస్తోంది. ఇంటిల్లిపాదీ ఎక్కితే స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద దబ్బుమని తగులుతోంది. మామూలు రోజుల్లో నేనొక్కడినే విజయవాడ వెళ్లి వస్తుంటాను. నెలకోసారి అందరం సత్తెనపల్లి దగ్గర మా ఊరు వెళ్తాం. మిర్చి సీజన్లో ఐదారు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వెనక వేసుకుని యార్డుకి పోవడం కూడా ఉంది. ఒక మెకానిక్ హెవీ డ్యూటీ స్ప్రింగులు వేయించమంటున్నాడు. ఇంకొకాయన కాయిల్ (స్ప్రింగు చుట్ల) మధ్యలో రబ్బరు దిమ్మలు పెడితే చాలంటున్నాడు. మా బావమరిదేమో పాత సామాన్ల షాపులో మంచి జత ఉంది, సగం ధరకి ఇప్పిస్తానంటున్నాడు. మా అమ్మకి నడుం నొప్పి, వెనక కూర్చుంటే అల్లాడిపోతోంది. ఏం చేయమంటారు?
గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీకు ముగ్గురు చెప్పిన సలహాల కంటే మీరు రాసిన ఒక్క ముక్క నాకు ఎక్కువ పనికొచ్చింది. "మామూలు రోజుల్లో నేనొక్కడినే" అన్నారు చూడండి, స్ప్రింగు ఎంచుకోవడానికి అదే అసలు లెక్క. అందుకని ముందే చెప్పేస్తాను. మీ బండికి కంపెనీ కొలతలతో వచ్చే స్ప్రింగులే కొత్త జత వేయించండి, వాటితోపాటే షాక్ అబ్జార్బర్లు కూడా మార్పించండి. లావు స్ప్రింగులు వద్దు, రబ్బరు దిమ్మలు వద్దు, పాత జత అసలే వద్దు. కాకపోతే డబ్బులు తీసే ముందు ఒక పూట కూర్చుని కొన్ని చూసుకోవాలి. అవి చూశాక నా మాట తప్పని తేలినా తేలవచ్చు.

బండి వెనక దిగింది అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో రెండు జబ్బులున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడే దిగి ఉండటం ఒకటి. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే నిలబడి, బరువు ఎక్కాక కూలబడిపోవడం రెండోది. మొదటిదానికి కారణం స్ప్రింగు వయసు. రెండోదానికి కారణం మనం వేసే బరువు. మందు రెండింటికీ ఒకటి కాదు.

స్ప్రింగు మెత్తబడిపోయింది అని షెడ్డులో తరచూ వింటుంటాం. నిజానికి ఉక్కు అలా మెత్తబడదు. ఏళ్ల తరబడి బరువు మోసి మోసి కాయిల్ కాస్త పొట్టిదైపోతుంది, అంతే. కొత్తలో వంద కేజీలు వేస్తే ఎంత దిగేదో ఇప్పుడు కూడా ఇంచుమించు అంతే దిగుతుంది. కానీ దిగడం మొదలయ్యే చోటే రెండు మూడు సెంటీమీటర్లు కిందికి వచ్చేసింది. ఆ మేరకు వెనక హౌసింగ్‌కీ, అంటే ఇరుసు ఉండే ఉక్కు తొడుగుకీ, దెబ్బ తట్టుకోవడానికి దాని పైనుండే బంప్ రబ్బరుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ తగ్గిపోయింది. మీకు వినిపిస్తున్న దబ్బు అదే, వెనక హౌసింగ్ పైకి లేచి బంప్ రబ్బరుని గుద్దుకోవడం. అంటే మీ బండి పోగొట్టుకున్నది ఎత్తు. గట్టిదనం ఎక్కడికీ పోలేదు. పోయింది ఎత్తయితే తెచ్చుకోవాల్సింది కూడా ఎత్తే కదా.

ఇక కొలత. చదునైన గచ్చు మీద బండి ఆపండి. పెట్రోల్ బంకు సిమెంటు నేల అయితే మేలు. నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, వెనక సామానేమీ ఉండకూడదు. బండిని ఒకసారి ముందుకీ వెనక్కీ నాలుగడుగులు కదిపి, బ్రేకు గట్టిగా తొక్కకుండా ఆపండి. ఇప్పుడు టేపు తీసుకుని చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు నిట్టనిలువుగా కొలవండి. నేల నుంచి కొలవకండి, టైరు అరుగుదల అంతా లెక్కలోకి వచ్చేస్తుంది. వెనక రెండు పక్కలా కొలిచి కాగితం మీద రాసుకోండి. అదే మోడల్, అదే సీట్లు, తక్కువ తిరిగిన బండి తెలిసినవాళ్ల దగ్గర ఉంటే దాన్ని కూడా ఇలాగే కొలవండి. తేడా రెండు సెంటీమీటర్లు దాటితే స్ప్రింగులు సెట్ అయిపోయాయని, అంటే పొట్టివైపోయాయని అనుకోవచ్చు. టేపు లేకుండా తెలిసే గుర్తు ఒకటుంది. రాత్రిపూట హైవే మీద మీరు లైట్లు డిమ్ చేసినా ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతున్నారా? వెనక దిగితే ముందు లైట్లు పైకి చూస్తాయి.

రెండో జబ్బు సంగతి తేల్చుకోవడానికి గుంటూరులో మీకున్న సౌకర్యం చాలామందికి ఉండదు! మిర్చి లారీలు తూచే కాటాలు ఊరినిండా ఉన్నాయి. ఒకసారి అందరూ ఎక్కి, సామాను వేసుకుని వెళ్లండి. ముందు మొత్తం బండిని తూచండి. తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేట్టు ఆపి తూచండి. సీజన్లో టిక్కీలతో కూడా అలాగే చేయండి. బండి మోయదగిన మొత్తం బరువు ఎంతో ఛాసిస్ ప్లేటు మీద గానీ కంపెనీ ఇచ్చిన పుస్తకంలో గానీ చూసి, దాంతో పోల్చండి.

టిక్కీ నలభై కేజీల పైమాటే, ఆరు వేస్తే రెండు వందల యాభై చిల్లర. ఏడుగురు మనుషుల బరువు అంతకంటే ఎక్కువే, నిజమే. కానీ మనుషులు ముందు నుంచి వెనకదాకా సర్దుకుని కూర్చుంటారు. టిక్కీలు అన్నీ వెనక ఇరుసు మీదా, దాని వెనకా పడతాయి. ఇరుసుకి వెనకగా పడ్డ బరువు తక్కెడలా పనిచేస్తుంది. ముందు చక్రాల మీద భారం తీసేసి, తన బరువుకి మించి వెనక స్ప్రింగుల మీద మోపుతుంది. ఆ రోజుల్లో స్టీరింగ్ తేలిగ్గా తగులుతూ ఉండి ఉంటుంది, గుర్తు తెచ్చుకోండి. దాని మందు స్ప్రింగులో లేదు. ఆ ఐదారు టిక్కీలకీ ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. ఏడాదికి నాలుగైదు ట్రిప్పుల కోసం మిగతా మూడు వందల అరవై రోజులు గట్టి బండిలో ఎగురుతూ తిరగడం నాకైతే నచ్చదు.

కొలిచినప్పుడు కుడి ఎడమలకి సెంటీమీటరున్నర, రెండు దాకా తేడా వస్తే వయసు ఒక్కటే కారణం కాకపోవచ్చు, కిందికి దూరి చూడాల్సిందే. ఒకసారి నా దగ్గరికి ఎడమవైపు నాలుగు వేళ్లు దిగిన బండి వచ్చింది. ఆయన అప్పటికే రెండు చోట్ల చూపించుకుని, స్ప్రింగు బాగానే ఉందని చెప్పించుకుని వచ్చాడు. చక్రం విప్పి, నీళ్లు కొట్టి, స్ప్రింగు కూర్చునే కింది గిన్నెలో గట్టిపడ్డ బురదని స్క్రూడ్రైవర్‌తో గీకితే ఉప్పురాయంత తుప్పు పెచ్చులు రాలాయి. వాటి కింద కాయిల్ చివరి అరచుట్టు విరిగి, విడి ముక్కగా గిన్నెలో పడి ఉంది. పై ముక్క దాని మీదే కూర్చుని ఇన్నాళ్లూ బండిని మోస్తోంది. పైనుంచి టార్చి వేస్తే ఏమీ కనపడదు. స్ప్రింగు సాధారణంగా విరిగేది అక్కడే, నీళ్లూ బురదా నిలిచే అడుగు చుట్టులో. మీరూ అడుగు చుట్టు శుభ్రం చేయించి వేలితో తడిమి చూడండి. ఛాసిస్ మీద స్ప్రింగు కూర్చునే పై గిన్నె కూడా తుప్పు పట్టి పలచబడిందేమో సుత్తితో మెల్లగా తట్టి చూడమనండి.

ఇప్పుడు హెవీ డ్యూటీ సంగతి. ఈ మాట వినడానికి ధైర్యంగా ఉంటుంది కాబట్టి అందరూ దాని వైపే పోతారు. నేనూ పోయాను. స్ప్రింగు గట్టిదనం దాన్ని చుట్టిన ఉక్కు కమ్మీ మందాన్ని బట్టి మామూలుగా పెరగదు, మందాన్ని నాలుగుసార్లు హెచ్చించిన లెక్కన పెరుగుతుంది. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అవే ఉంచి 14 మిల్లీమీటర్ల కమ్మీ బదులు 15 మిల్లీమీటర్లది వేస్తే స్ప్రింగు 32 శాతం గట్టిపడుతుంది. 16 వేస్తే 71 శాతం. షాపులో రెండూ చేతిలో పెట్టుకుంటే తేడా కంటికి ఆనదు. రోడ్డు మీద నడుముకి ఆనుతుంది.

నా సొంత బండికి చాలా ఏళ్ల కిందట ఇలాగే లావు జత వేయించాను. షెడ్డు నుంచి బయటికి తెచ్చినప్పుడు వెనక ఠీవిగా నిలబడింది, చూసి మురిసిపోయాను. ఆ వారంలోనే ఒక వాన రోజు ఒక్కడినే గుంటూరు నుంచి వస్తున్నాను. వారధి మీద ఒక జాయింటు దాటేసరికి వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేచినట్టయి బండి జానెడు పక్కకి జరిగింది. పక్క వరసలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. బెంజి సర్కిల్ చేరేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. జరిగిందేమిటంటే, ఖాళీ బండికి ఆ స్ప్రింగులు అసలు నొక్కుకోవడమే లేదు. గతుకు వచ్చినప్పుడు చక్రం పైకి పోయి నేలని వెతుక్కుంటూ దిగాల్సింది పోయి, బండిని మొత్తంగా ఎగరేస్తోంది. పైగా నేను పాత షాక్ అబ్జార్బర్లే ఉంచాను. గట్టి స్ప్రింగు విదిలించే విదిలింపుని అవి పట్టుకోలేకపోయాయి. నెల తిరక్కుండా కంపెనీ జత మళ్లీ వేయించుకున్నాను, రెండుసార్లు కూలీ ఇచ్చి.

దీనికి బ్రేకు ముడి కూడా ఒకటుంది, చాలామంది చెప్పరు. కొన్ని బళ్లలో వెనక హౌసింగ్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక సన్నని లింకు కట్టిన బ్రేకు వాల్వు ఉంటుంది. వెనక భాగం ఎంత దిగిందో చూసి, బండిలో ఎంత బరువు ఉందో అది అంచనా కట్టి, వెనక బ్రేకులకి ఎంత ఒత్తిడి పంపాలో తేలుస్తుంది. మీరు వెనక భాగాన్ని ఎత్తేస్తే బండి నిండా జనం ఉన్నా ఖాళీ బండే అనుకుంటుంది, వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మీ బండికి ఆ వాల్వు ఉందో లేదో కింద చూపించమనండి. ఉంటే స్ప్రింగులు మార్చాక దాని లింకు సర్దుబాటు కూడా చూడాల్సిందే.

ఇంకో సంగతి, కాయిల్ స్ప్రింగుల బళ్లలో వెనక ఇరుసు పక్కలకి జరగకుండా ఒక అడ్డ రాడ్ పట్టుకుని ఉంటుంది. దాని ఒక కొస ఛాసిస్‌కి, రెండో కొస హౌసింగ్‌కి. ఎత్తు బాగా పెరిగితే ఆ రాడ్ కోణం మారి ఇరుసు మొత్తాన్ని ఒక పక్కకి లాగుతుంది. అప్పుడు ఒకవైపు టైరు బయటికి వచ్చినట్టూ రెండోవైపు లోపలికి పోయినట్టూ కనిపిస్తుంది. కంపెనీ ఎత్తులోనే ఉంటే ఈ తలనొప్పులు ఏవీ ఉండవు.

రబ్బరు దిమ్మల గురించి ఎక్కువ చెప్పను. దిమ్మ దూర్చిన చోట ఆ చుట్లు పనిచేయడం మానేస్తాయి, వాటి పని కూడా మిగతా చుట్లు చేయాలి. పదమూడు పద్నాలుగేళ్ల స్ప్రింగుకి అది అదనపు శిక్ష. కొత్త స్ప్రింగులు వచ్చేదాకా ఒక వారం ఊరు తిరగాలంటే సరే, దాన్నే రిపేరు అనుకోకండి. ఇంకొందరు గ్యాసు మంటతో కాల్చి, సాగదీసి ఎత్తు తెప్పిస్తామంటారు. ఒప్పుకోవద్దు. స్ప్రింగు ఉక్కుని ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ ఒక లెక్క ప్రకారం వేడి చేసి పదును పెడతారు. ఆ తర్వాత పైపొర పగుళ్లివ్వకుండా సన్నని ఉక్కు గుళ్లతో కొడతారు. మంట తగిలిన చోట ఆ పదును చచ్చిపోతుంది. ఈసారి దిగదు, విరుగుతుంది.

మీ బావమరిది మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కాదనను. డోరు, అద్దం, సీటు అయితే నేనే పాత సామాన్ల షాపుకి పంపేవాణ్ణి. స్ప్రింగు అలా కాదు. ఆ జత ఎన్నేళ్లు మోసిందో, ఏ బండిలోంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మీ దానిలాగే అదీ పొట్టిదై ఉంటే సగం ధర కూడా దండగే. అంతగా అయితే ఆయన మాట కాదనకుండా ఒక పని చేయండి. మీ పాత స్ప్రింగు, కొత్త స్ప్రింగు, ఆ షాపు స్ప్రింగు మూడూ గచ్చు మీద పక్కపక్కన నిలబెట్టి చూపించండి. ఆయనే ఒప్పుకుంటారు.

కొత్తవి కొనడానికి విజయవాడ ఆటోనగర్ వచ్చినా, మీ గుంటూరు ఆటోనగర్లోనే తీసుకున్నా, "స్కార్పియో వెనక స్ప్రింగు" అని అడిగి ఊరుకోకండి. ఒకే మోడల్లో సీట్లని బట్టి, రకాన్ని బట్టి స్ప్రింగులు మారవచ్చు. ఆర్సీ తీసుకెళ్లి ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు తీయించండి. పాత స్ప్రింగు మీద రంగు గీతలేమైనా మిగిలి ఉంటే ఫోటో తీసుకోండి, చాలా కంపెనీలు గ్రేడు తెలియడానికి ఆ గీతలే వేస్తాయి. షాపులో వెర్నియర్ ఉంటుంది, అడిగి కమ్మీ మందం కొలిపించండి. చుట్లు లెక్కపెట్టండి. జతలో రెండూ పక్కపక్కన నిలబెడితే తలలు సమానంగా ఉండాలి. పైపూత గోటితో గీకితే ఊడొస్తుంటే వెనక్కి ఇచ్చేయండి, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక్కటే మార్పించే ఆలోచన ఉంటే మానుకోండి, ఎప్పుడైనా జతగానే.

కాటా లెక్కలో మీ కుటుంబ ప్రయాణం బరువే బండి హద్దు దగ్గరికి వస్తోందని తేలితే అప్పుడు ఆలోచించదగ్గది ఇంకొకటుంది. కొన్ని స్ప్రింగులకి ఒక కొస చుట్లు దగ్గర దగ్గరగా, మిగతావి దూరంగా ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు దగ్గరి చుట్లు మెత్తగా ఆడతాయి. బరువు పెరిగాక అవి ఒకదానికొకటి ఆనుకుని, మిగతా చుట్లు గట్టిగా పట్టుకుంటాయి. మీలాగా రోజూ ఒక్కరూ, నెలకోసారి ఏడుగురూ ఎక్కేవాళ్లకి అది తగిన రకమే. అయితే మీ మోడల్‌కే చేసినది, కంపెనీ ఎత్తుకి మించనిది అయి ఉండాలి. దొరక్కపోతే వెతుక్కోవద్దు, మామూలు జత చాలు. బొలెరో, క్వాలిస్ లాంటి కమాన్ కట్టల (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగుల) బళ్ల వాళ్లు ఒక పట్టీ అదనంగా వేయించుకుంటుంటారు. వాళ్లని చూసి కాయిల్ బండికి ఆ ఉపాయం పట్టుకురాకండి, ఆ కట్టు వేరు.

బిగించే పనిలో మీరు దగ్గరుండి చూసుకోవాల్సినవి కొన్ని. బండిని జాకీ మీద వదిలేసి కిందికి దూరనివ్వకండి, ఛాసిస్ కింద గట్టి స్టాండులు ఉండాల్సిందే. హౌసింగ్ దించేటప్పుడు బ్రేకు గొట్టం దాని బరువుకి వేలాడకూడదు. స్ప్రింగు కొస గిన్నెలోని మెట్టుకి ఆనుకుని కూర్చోవాలి, ఎగువ దిగువలు తారుమారు కాకూడదు. పై రబ్బరు సీటు, బంప్ రబ్బర్లు కొత్తవి వేయించండి, ఖర్చు చిన్నది. షాక్ అబ్జార్బర్లు ఈసారే ఎందుకంటే లక్షా ఎనభై వేలకి వాటిలో నూనె పని అయిపోయి ఉంటుంది. పైగా స్ప్రింగు తీయాలంటే వాటిని ఎలాగూ విప్పాలి. బండిని మోసేది షాక్ అబ్జార్బర్ కాదు, ఎగిరే స్ప్రింగుని పట్టి ఆపేది అది.

అన్నిటికంటే ముఖ్యం, మేస్త్రిని అడిగి మరీ చేయించండి. ఇరుసుని ఛాసిస్‌కి కలిపే లింకు రాడ్ల బోల్టులు విప్పితే, వాటిని బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు. గాల్లో బిగిస్తే లోపలి రబ్బరు బుష్ ఆ కోణంలోనే పట్టుకుంటుంది. బండి కిందికి దించగానే మెలిపడి, రోజంతా ఆ మెలితోనే ఉండి కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. అప్పుడు స్ప్రింగులు బాగాలేవని స్ప్రింగుల మీద నింద పడుతుంది.

పని అయ్యాక మొదటి రోజు వెనక భాగం కాస్త ఎత్తుగా కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. ఐదారు వందల కిలోమీటర్లకి సర్దుకుంటుంది. అప్పుడు మళ్లీ అదే గచ్చు మీద, అదే టేపుతో కొలిచి పాత కాగితం మీదే రాసుకోండి. హెడ్‌లైట్లు సెట్ చేయించి, వీల్ అలైన్‌మెంట్ కూడా ఒకసారి చూపించండి.

మీ బండి 2012ది కాబట్టి ఆర్సీ విషయం కూడా రాస్తున్నాను. సొంత వాహనాలకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత రెన్యువల్ ఐదేళ్లకి. రెన్యువల్‌కి బండిని చూపించాలి. కంపెనీ కొలతలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ కొలతల స్ప్రింగు వేయించుకుంటే ఆ గొడవే లేదు. బిల్లు మాత్రం దాచుకోండి.

అమ్మగారి సంగతి ఆఖరున పెట్టాను గానీ మీ ఉత్తరం చదివాక నా మనసు అక్కడే ఉంది. వెనక ఇరుసు మీద కూర్చున్నవాళ్లకి చక్రం తిన్న ప్రతి దెబ్బా నేరుగా తగులుతుంది. అందులోనూ పక్కకి తిరిగి కూర్చునే సీట్లయితే నడుం మెలిపడుతుంది. రెండు ఇరుసులకీ నడిమధ్య ఉన్నవాళ్లకి ఆ దెబ్బ సగానికి సగం తగ్గిపోతుంది. కొత్త స్ప్రింగులు వేయించేదాకానే కాదు, వేయించాక కూడా ఆవిడని మధ్య సీట్లో తలుపు పక్కన కూర్చోబెట్టండి, లేదా ముందు సీట్లో. చిన్న దిండు ఒకటి నడుం వెనక పెట్టండి. సత్తెనపల్లి వెళ్లే ముందు వెనక టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంత రాసి ఉందో అంతే పట్టించండి, బరువు ఉంది కదా అని ఇష్టమొచ్చినంత కొట్టించకండి. కొలతలు తీశాక ఆ అంకెలు నాకు రాసి పంపండి, కుడి ఎడమల తేడా ఎంతొచ్చిందో నేనూ చూస్తాను.